యంత్రముల మర్మమెరిగిన జి. డి. నాయుడు గారు

మన కోయంబత్తూరు ప్రాంతమున బడి మానదలచిన బాలుడు తరచుగా చెప్పు మాట ఒకటున్నది. జి. డి. నాయుడు గారు మాత్రము ఏపాటి చదివిరని అతడడుగును. తలిదండ్రులు కొందరు బదులు తోచక ఊరకుందురు. బదులు నాయుడు గారి జీవితముననే కలదు. కనుక దానిని ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు చేరువనున్న కలంగల్ గ్రామమున జన్మించిరి. తరతరములుగా ఈ సీమలో స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో తమిళము పలుకుచు సేద్యము చేసికొనుచు వచ్చిన కుటుంబములలో వారిదొకటి. పాఠశాల వారికి రుచింపలేదు. కొద్ది తరగతులతోనే బడి విడిచిరి. కాని చదువుట విడువలేదు.

ఒకనాడు ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలుపై ఆ ఊరికి వచ్చెను. ఎద్దు లేక, గుర్రము లేక పరుగిడు ఆ బండి వారి మనస్సును పట్టుకొనెను. కోయంబత్తూరు చేరి, హోటలులో పనికి కుదిరి, జీతము కూడబెట్టి మోటారు సైకిలు కొనిరి. ఎక్కి తిరుగుటతో తృప్తి పడక, దానిని భాగములుగా విప్పి, ఏది ఎందుకున్నదో తెలిసికొని మరల కూర్చిరి. వారి అసలు విద్యాభ్యాసము అచటనే ఆరంభమైనదని మేము తలచెదము.

1920లో స్టేన్సు దొర సాయముతో బస్సు కొని, పొల్లాచ్చి, పళనిల నడుమ తామే నడిపిరి. అదియే యు. ఎం. ఎస్. అను గొప్ప రవాణా సంస్థగా పెరిగెను. 1937లో పీలమేడులోని వారి కార్ఖానానుండి, డి. బాలసుందరం నాయుడు గారితో కలసి రూపొందించిన విద్యుత్తు మోటారు వెలువడెను. మన దేశమున తయారైన తొలి మోటారు అదియేనని చెప్పుదురు. ఎద్దులతో కపిల తోలి బావినీరు తోడుకొనెడి ఈ మెట్టసీమ రైతులకు మోటారు ఎంతటి వరమో పెద్దలెరుగుదురు.

మోటారు చేయుటకు ఒక్క యంత్రము చాలదు. నడిమి ఇరుసును గుండ్రముగా చెక్కునది లేతు. మన పెద్దలు కొయ్యను తరిమెన పట్టినట్లే, ఇందు లోహము గిరగిర తిరుగుచుండును. ఉలి దానినానుకొని మెల్లగా జరుగును. డ్రిల్లింగు యంత్రమున దీనికి మారుగా లోహము కదలక నిలుచును. బరమా తిరుగుచు దిగి రంధ్రము చేయును. మోటారు అడుగుభాగము వంటి చదును తలములకు షేపరు తగినది. దాని ఉలి ముందుకు పోవునపుడు కోయును, వెనుకకు వచ్చునపుడు ఊరక వచ్చును. మిల్లింగు యంత్రమున పెక్కు పండ్ల చక్రము తిరుగుచుండ, లోహము దాని క్రిందుగా జరుగును. ఇరుసున గాడి తీయుటకు, పండ్ల చక్రములు చేయుటకు ఇది వాడుదురు. కడపట రాపిడి చక్రము గల గ్రైండింగు యంత్రము వెంట్రుక మందము కంటె తక్కువ తేడాను సైతము సరిచేయును. ఇది సానపట్టుట వంటిది. ఎక్కువ లోహము తీయవలసిన పనికి దీనిని పెట్టరాదు. నేడు ఈ యంత్రములను కంప్యూటరు నడుపుచున్నను, ఏది తిరుగవలెను, ఏది నిలువవలెను అను వివేకము మనుష్యునిదే.

చిన్న మోటారుతో నడచు రసంత్ అను క్షౌరయంత్రము మొదలుగా నాయుడు గారు పెక్కు వస్తువులు కల్పించిరి. అయినను మాకు అన్నింటికంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. బడి విడిచిన ఆ మనుష్యుడే 1945లో కోయంబత్తూరున ఆర్థరు హోపు పేర ఇంజనీరింగు కళాశాల నెలకొనుటకు మూలపురుషుడయ్యెను. నాలుగేండ్ల చదువును రెండేండ్లలో నేర్పవచ్చునని వారి అభిప్రాయము. ప్రభుత్వము సమ్మతింపకపోగా వారు తప్పుకొనిరి. కళాశాల నిలిచినది, నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అదియే. 1974 జనవరి 4వ తేదీన నాయుడు గారు పరమపదించిరి.

చదువు అక్కరలేదని తలచిన వాడు కళాశాల కొరకు పాటుపడునా? వారు విడిచినది బడిని, నేర్చుకొనుటను కాదు. తాము ఒంటరిగా విప్పి నేర్చిన దానిని ఇతరులు త్వరగా నేర్వవలెనని వారి తపన.

విద్యార్థులారా! మీలో పలువురి అన్నలు, తండ్రులు లేతు పట్టువారే. ఈ సెలవులలో వారి ప్రక్క నిలిచి, ఏది తిరుగుచున్నదో, ఏది నిలిచియున్నదో, ఎందుకో అడుగుడు. విన్నదానిని మన తెలుగున ఒక పుటగా వ్రాసి తెండు. మంచి వానిని వచ్చు సంచికలో అచ్చువేయుదుము. తలిదండ్రులారా! పిల్లవాడు పనికి పోవుట తప్పు కాదు. పది ముగియకుండ మాత్రము పంపకుడని వేడుకొనుచున్నాము.