విల్బర్ రైట్

విమానం అనగానే మనకు ముందుగా స్ఫురించేవి దాని రెక్కలు, ఆ తరువాత ఇంజను. ఇంజను శక్తిని ముందుకు నడిపే తోపుగా మార్చేది ప్రొపెల్లరు. దాని రూపకల్పనకై విల్బర్ రైట్ పడిన శ్రమ చాలామందికి తెలియదు.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ క్రైస్తవ మతాచార్యుడు. పనిముట్లు పట్టే నేర్పు తల్లి సుసాన్ నుంచి అబ్బింది. యౌవనారంభంలో మంచుపై హాకీ ఆడుతుండగా ముఖానికి తగిలిన పెద్ద దెబ్బతో ఆయన ఉన్నత విద్యాభిలాష అడుగంటింది. క్షయరోగంతో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ, ఇంట్లోని గ్రంథాలనే గురువులుగా భావించి చదువుకున్నాడు. 1892లో తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్ నగరంలో సైకిళ్ల దుకాణం తెరిచాడు.

1902 నాటికి ఇంజను లేని గ్లైడరును అదుపులో ఉంచి ఎగరడం సోదరులకు సాధ్యమైంది. ఇక కావలసినవి ఇంజను, ప్రొపెల్లరు. ఓడల ప్రొపెల్లర్లను గురించిన శాస్త్రం సిద్ధంగా ఉంటుందని వారు నమ్మారు. గ్రంథాలయంలో వెదకగా అటువంటిదేమీ దొరకలేదు. ఓడలు నిర్మించేవారు అనుభవం మీదనే వాటిని తయారుచేసేవారు. కొంత శక్తి వృథా అయినా ఓడ నడుస్తుంది. బలహీనమైన ఇంజనుతో నేల విడువవలసిన విమానానికి ఆ వృథా ప్రాణాంతకం.

ప్రొపెల్లరు అంటే గుండ్రంగా తిరిగే రెక్కయే అన్న ఆలోచన వారికి దారి చూపింది. ప్రొపెల్లరు రెక్కను బ్లేడు అనీ, బ్లేడ్లు కలిసే నడిమి భాగాన్ని హబ్ అనీ అంటారు. బ్లేడు మొదలూ కొనా ఒకే సమయంలో ఒక చుట్టు తిరిగినా, కొన తిరిగే వలయం పెద్దది కనుక దాని వేగం ఎక్కువ. అందువల్ల బ్లేడు వాలు మొదట ఎక్కువగా, కొనకు పోనుపోను తక్కువగా ఉండేట్లు మెలితిప్పాలి. మర ఒక చుట్టుకు కర్రలోకి కొంత దూరం దిగినట్లే, ప్రొపెల్లరు ఒక చుట్టుకు ముందుకు సాగవలసిన దూరాన్ని పిచ్ అంటారు. గాలి కర్రవలె గట్టిది కాదు కనుక విమానం నిజంగా సాగే దూరం అంతకంటె తక్కువ. ఆ తేడాయే స్లిప్. ఈ లెక్కల విషయమై సోదరులు గంటల తరబడి వాదించుకునేవారు. చివరకు ఒకరి వాదాన్ని మరొకరు సమర్థిస్తూ తేలేవారు!

స్ప్రూస్ పలకలను మూడు పొరలుగా అతికించి, చేతి పనిముట్లతో చెక్కి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండింటిని సిద్ధం చేశారు. ఒకే ఇంజను సైకిలు గొలుసుల వంటి గొలుసులతో ఆ రెండింటినీ తిప్పేది. ఒక గొలుసును అడ్డంగా మెలివేయడంతో అవి ఎదురెదురు దిశలలో తిరిగేవి. ఆ నమూనాతో తయారైన ప్రొపెల్లర్లను సుమారు వందేళ్ల తరువాత పరీక్షించగా వాటి సామర్థ్యం దాదాపు 75 శాతమని తేలింది.

కిట్టీహాక్ తీరంలో ప్రొపెల్లర్ల ఇరుసులు పగిలాయి. ఆర్విల్ డేటన్‌కు వెళ్లి గట్టి ఉక్కు ఇరుసులు తెచ్చాడు. 1903 డిసెంబరు 17న ఆర్విల్ 12 సెకన్లు ఎగిరాడు. ఆనాటి నాలుగవ యానంలో విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు సాగాడు.

1908 సెప్టెంబరు 17న అమెరికాలోని ఫోర్ట్ మైయర్‌లో, ఆర్విల్ నడుపుతున్న విమానపు ప్రొపెల్లరు బ్లేడు చీలింది. అది అదురుతూ ఒక బిగింపు తీగను తగలడంతో విమానం కూలింది. ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. వెంట ఉన్న లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్ మరణించాడు. అప్పుడు ఫ్రాన్సులో ఉన్న విల్బర్, తాను దగ్గర ఉంటే ఇది జరిగేది కాదని కుమిలిపోయాడు. అయినా నాలుగు రోజులకే మళ్లీ ఎగిరి, గంటన్నర సేపు ఆకాశంలో నిలిచాడు.

1912 మే 30న టైఫాయిడ్ జ్వరంతో డేటన్‌లోని స్వగృహంలో విల్బర్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు.