అడివి బాపిరాజుగారు

నవలాకారులగుటకు మున్నే బాపిరాజుగారు చిత్రకారులు. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరము కళాశాలలో కూల్డ్రే దొరగారి యొద్ద కుంచె పట్టిరి. సహాయ నిరాకరణమునాడు చెఱకేగిరి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుల శిష్యులైరి. పిదప భీమవరమున కొంతకాలము న్యాయవాదులుగ నుండిరి గాని, నల్లకోటు వారిని నిలుపలేకపోయెను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును వీరి 'నారాయణరావు', విశ్వనాథవారి 'వేయిపడగలు' చెఱిసగము పంచుకొనెను. మఱుసటి యేడు బందరు కళాశాలకే అధ్యక్షులైరి. 1939 వఱకు నుండిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు నెలకొల్పిన యా విద్యాలయమే లేకున్న, ఈ చేయి దావా కాగితములకే అంకితమయ్యెడిదేమో!

చరిత్రను వీరు గ్రంథములకంటె రాళ్లయందును గోడలయందును ఎక్కువగ వెదకిరని మా తలంపు. సింహళమునకేగి సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసినవారు గదా! అమరావతి శిల్పములను నిలిచి చూచినవారికి 'హిమబిందు'లోని శాతవాహనుల కట్టుబొట్టులు క్రొత్తగా దోపవు. వర్ణన పెరిగి కథ నిలిచిపోవు పట్టులు లేకపోలేదు. దాని మేము దాచము. అయినను మాలో పలువురకు రుద్రమదేవి పాఠ్యపుస్తకమునకంటె ముందు 'గోన గన్నారెడ్డి' పుటలలోనే కానవచ్చినది.

హైదరాబాదున 'మీజాన్' పత్రికకు సంపాదకులుగను పనిచేసి, 1952లో గతించిరి. నవలలు నేటికిని అచ్చగుచున్నవి. చిత్రముల నడుగువారేరీ?