మట్టితో కార్లు చేసిన హార్లీ ఎర్ల్



మీ ఇంట్లో సోఫా కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. కనీసం ఒక చిన్న కారైనా దొరుకుతుంది. మాటెల్ సంస్థ 1968లో హాట్ వీల్స్ పేరుతో తొలిసారి పదహారు బొమ్మ కార్లు విడుదల చేసింది. వాటిలో ఒకటి కార్వెట్. అసలు కార్వెట్ పుట్టింది 1953లో. దాన్ని పుట్టించిన మనిషి పేరు మన పిల్లల్లో ఎవరికీ తెలియదు, మనలోనూ చాలామందికి తెలియదు. ఈ నెల ఆయన గురించి చెప్పుకుందాం.

హార్లీ ఎర్ల్ 1893 నవంబర్ 22న అమెరికాలోని హాలీవుడ్‌లో పుట్టారు. అప్పటికి అక్కడ సినిమా పరిశ్రమ లేదు. తండ్రి గుర్రపు బళ్లు చేసే పనివాడు. కార్లు వచ్చాక ఆ షెడ్డులోనే కార్ల బాడీలు కట్టడం మొదలుపెట్టారు. హార్లీ ఎదిగే వయసులో కుటుంబంతో కొండప్రాంతానికి సెలవులకు వెళ్లినప్పుడు వాన కురిసి బంకమట్టి మెత్తబడిందనీ, ఆ మట్టితో రోజుల తరబడి కార్ల ఆకారాలు చేశాడనీ ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు కానీ చదువు పూర్తి చేయలేదు. తండ్రి షెడ్డుకే తిరిగొచ్చి సినిమా తారలకు వారి వారి అభిరుచికి తగ్గట్టు కార్లు చేసిపెట్టారు. ఫ్యాటీ ఆర్బకిల్, టామ్ మిక్స్ వంటి మూకీ సినిమాల తారలు ఆయన ఖాతాదారులు.

ఆ షెడ్డులో ఆయన పని తీరు మిగతావారికి భిన్నంగా ఉండేది. ఆ రోజుల్లో బాడీ కట్టేవారు చెక్క అచ్చుల మీద రేకును సుత్తితో కొట్టి వంచేవారు. ఎర్ల్ మాత్రం ముందు బంకమట్టితో కారు మొత్తాన్నీ చేసి చూసుకునేవారు. మన ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసేవారిని మీరు చూసే ఉంటారు. లోపల కర్రల చట్రం, పైన మట్టి, తర్వాత నునుపు చేయడం. కార్లకూ దాదాపు అదే పద్ధతి. చెక్క చట్రం మీద వేడిచేసి మెత్తబరిచిన క్లే పూస్తారు, చల్లారి గట్టిపడ్డాక పనిముట్లతో గీరుతారు. ఎక్కువైతే గీసెయ్యొచ్చు, తక్కువైతే మళ్లీ పూయొచ్చు. మట్టి ఎలా చెబితే అలా వంగుతుంది కాబట్టి మడ్‌గార్డు, బానెట్, తలుపు వేర్వేరు ముక్కల్లా కాకుండా ఒకే ఒంపులో కలిసిపోయేవి.

క్యాడిలాక్ అధిపతి లారెన్స్ ఫిషర్ ఈ పని చూసి ఎర్ల్‌ను డెట్రాయిట్‌కు పిలిపించారు. అలా వచ్చిందే 1927 నాటి లాసాల్ కారు. అది బాగా ఆడడంతో జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అదే ఏడాది ఆర్ట్ అండ్ కలర్ అనే విభాగం పెట్టి ఆయన చేతికిచ్చారు. యాభై మందితో మొదలైంది. ఇంజనీర్లకు మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. ఆ విభాగాన్ని బ్యూటీ పార్లర్ అని వెక్కిరించేవారు.

ఇక్కడొక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1929 మోడల్ బ్యూక్‌కు ఎర్ల్ పక్క తలుపుల మీద, కిటికీల కిందుగా ఒక చిన్న ఒంపు పెట్టారు. అంగుళంపావు మాత్రమే బయటికి వచ్చే ఒంపు. ఫ్యాక్టరీలో ఇంజనీర్లు తమ వీలు కోసం బాడీ కింది భాగాన్ని లోపలికి లాగారు, ఎత్తు అయిదు అంగుళాలు పెంచారు. ఎర్ల్‌కు చెప్పలేదు. ఆ ఒంపు కాస్తా పొట్టలా కనిపించింది. జనం దాన్ని గర్భిణి బ్యూక్ అని నవ్వుకున్నారు, అమ్మకాలు పడిపోయాయి. స్కేల్ మోడళ్లు చేసే పిల్లలున్న ఇళ్లలో ఈ కథ తప్పకుండా చెప్పండి. అసలు కారులోని అంగుళంపావు, ఇరవై నాలుగో వంతు మోడల్‌లో 1.3 మిల్లీమీటర్లే. అందుకే ఆ పిల్లవాడు స్కేలు పట్టుకుని గంటసేపు ఒకే చోట కూర్చుంటాడు. టైమ్ వేస్ట్ చేస్తున్నాడని అప్పుడే అనుకోకండి.

ఎర్ల్‌కు బొమ్మలు బాగా గీయడం రాదు. ఆయన దగ్గర పనిచేసినవారు చాలామంది చెప్పిన మాట ఇది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. అందరూ భయంతో మిస్టర్ ఎర్ల్ అనే పిలిచేవారు. కుర్చీలో కూర్చుని, ఈ గీత ఇంకాస్త కిందికి, ఆ అంచు ఇంకాస్త వెనక్కి అని చేత్తో చూపిస్తూ మట్టి మోడల్‌ను దిద్దించేవారు. గీయలేని మనిషికి కంటి ముందు నిలబడే నమూనా ఎంత అవసరమో ఊహించండి. మన రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో జరిగేది కూడా ఇలాంటి పనే. ఆలోచనను కాగితం మీద వదిలేయకుండా ముందు ఒక నమూనా చేసి, పట్టుకుని, తిప్పి చూసుకోవడం.

1938లో ఆయన చేయించిన బ్యూక్ వై-జాబ్ అమ్మకానికి కాదు, భవిష్యత్తు కారు ఎలా ఉండొచ్చో చూపడానికి. దాచుకునే హెడ్‌లైట్లు, కరెంటుతో కదిలే కిటికీలు. దాన్ని ఆయనే ఏళ్ల తరబడి నడిపారు. యుద్ధానికి ముందు పి-38 అనే విమానాన్ని తన డిజైనర్లకు చూపించారు. దాని జంట తోకల నుంచి 1948 క్యాడిలాక్ వెనుక చిన్న రెక్కలు మొలిచాయి. ఆ ఫ్యాషన్ సముద్రాలు దాటింది. ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన ప్రీమియర్ పద్మినీ వెనుక మూలల్లో సన్నటి రెక్కలు మీకు గుర్తుంటే, వాటి వంశవృక్షం అక్కడిదే.

ఏటేటా కొత్త రూపం తెచ్చి, పాత కారు ఉన్నవాడికి అది పాతబడిందనిపించేలా చేయడం స్లోన్, ఎర్ల్‌ల వ్యాపార సూత్రం. కారు బాగానే నడుస్తున్నా మార్చాలనిపించాలి. ఏటా కొత్త ఫోను అడిగే పిల్లలున్న మనకు ఈ సూత్రం కొత్త కాదు. ఎర్ల్‌ను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతీ పిల్లలతో మాట్లాడాల్సిందే.

పిల్లల మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి వద్దాం. జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 వరకు అమెరికా కుర్రాళ్లకు ఒక పోటీ నడిపింది. పేరు క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్. మొదట్లో ఇచ్చిన పని నెపోలియన్ నాటి గుర్రపు బగ్గీకి కచ్చితమైన చిన్న నమూనా చేయడం. ప్లాన్ వాళ్లే ఇస్తారు, ప్రతి భాగమూ పిల్లవాడు చేసుకోవాలి. తర్వాత సొంతంగా ఊహించిన కార్ల మోడళ్లు వచ్చాయి, పన్నెండో వంతు కొలతలో. అంటే అసలు కారులో అడుగు, మోడల్‌లో అంగుళం. గెలిచినవారికి కాలేజీ స్కాలర్‌షిప్పులు. ఎర్ల్ విభాగపు డిజైనర్లు ఆ మోడళ్లను పరీక్షించేవారు, మంచి చేతులున్న కుర్రాళ్లను గుర్తుపెట్టుకునేవారు. ఆడపిల్లలకు మాత్రం ఆ పోటీలో చోటు లేదు. ఇది పెద్ద లోటే. 1950లలో ఎర్ల్ పలువురు మహిళా డిజైనర్లను ఉద్యోగంలోకి తీసుకున్నారు కానీ, అంతకు ముందు మెట్టు మాత్రం అబ్బాయిలదే.

1947లో ఆ పోటీ గెలిచినవారిలో చక్ జోర్డాన్ ఒకడు. రెండేళ్లకు జనరల్ మోటార్స్‌లో చేరాడు. 1956 వేసవిలో ఒక మధ్యాహ్నం క్రైస్లర్ కంపెనీ స్థలం పక్కగా వెళ్తూ కంచె అవతల నిలబెట్టిన కొత్త ప్లిమత్ కార్లను చూశాడు. సన్నగా, తేలిగ్గా ఉన్నాయి. తమ స్టూడియోల్లో తయారవుతున్నవి బరువుగా, క్రోమ్ పూతతో నిండిపోయి ఉన్నాయి. వెనక్కి వెళ్లి మిగతావారికి చెప్పాడు, వాళ్లూ వెళ్లి చూశారు. ఆ సమయంలో ఎర్ల్ యూరప్ పర్యటనలో ఉన్నారు. ఆయన తర్వాతి స్థానంలో ఉన్న బిల్ మిచెల్‌తో కలిసి ఆయన చెప్పి వెళ్లిన నమూనాలను పక్కనబెట్టి కొత్తవి మొదలుపెట్టారు. ఎర్ల్ తిరిగొచ్చారు, స్టూడియోలన్నీ తిరిగి చూశారు. అందరూ ఉద్యోగాలు పోతాయనుకున్నారు. ఆయన కొత్త దారినే ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్లు ఇతరుల కార్లను పాతవి చేసిన మనిషికి అది తేలిక కాదు.

1958 చివర ఎర్ల్ పదవీ విరమణ చేశారు. ఆయన కుర్చీలోకి మిచెల్ వచ్చారు. 1986లో అదే కుర్చీలోకి చక్ జోర్డాన్ వచ్చాడు. ఎర్ల్ 1969 ఏప్రిల్ 10న ఫ్లోరిడాలో కన్నుమూశారు. అమెరికాలో ఏటా జరిగే డేటోనా 500 కారు పందెం విజేతకు ఇచ్చే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. ఆయన జెట్ విమానంలా చేయించిన ఫైర్‌బర్డ్ కారుకు చిన్న నమూనా ఆ ట్రోఫీ పైన ఉంటుంది.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఎవరికైనా ఉత్సాహం ఉంటే కిట్ కొననక్కర్లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉన్న మీ కారే చాలు. టేపు తీసుకుని పొడవు, ఎత్తు, రెండు ఇరుసుల మధ్య దూరం కొలవమనండి. ఉదాహరణకు వ్యాగన్ ఆర్ పొడవు 3655 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 15.2 సెంటీమీటర్ల మోడల్. లోపల చెక్కముక్క లేదా థర్మోకోల్, పైన స్టేషనరీ షాపులో దొరికే క్లే. అద్దాలు, తలుపులు ముందే మొదలుపెట్టవద్దు, నాలుగు చక్రాల స్థానాలు కుదిరాకే పైకి వెళ్లాలి. పాత అమెరికన్ కార్ల ఒంపులు దగ్గరగా చూపించాలనుకుంటే పాతబస్తీలో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఒక ప్యాకార్డ్ ఉంది. వెళ్లేటప్పుడు నోట్‌బుక్, పెన్సిల్ పిల్లల చేతికే ఇవ్వండి.