కల్నల్ కాలిన్ మెకంజీ

తెలుగునాట గ్రామ చరిత్రలు వ్రాయదలచిన వారికి కైఫీయతులు పెన్నిధి. వాటిని సేకరింపజేసిన మెకంజీకి మాత్రం తెలుగు రాదు.

ఆయన 1754లో స్కాట్లండులోని లూయిస్ ద్వీపంలో, స్టోర్నొవే పట్టణంలో జన్మించాడు. తొలుత సుంకాల శాఖలో పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా మద్రాసు చేరాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నాడు. అయితే ఆయన మనస్సు యుద్ధాల కంటె శాసనాల మీదనే లగ్నమైంది.

భాష తెలియని లోటును తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1796 ప్రాంతంలో పరిచయమైన బొర్రయ్య ఊరూరా తిరిగి, కరణాలను ఒప్పించి, దండకవిలెలలోని వృత్తాంతాలను వ్రాయించాడు. ముప్పయ్యేళ్లయినా నిండకుండానే 1803లో మరణించాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని వహించాడు.

అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుని కాలంలో దీపాలదిన్నె రాళ్లను కట్టడాలకు తరలించేవారు. ఆ సంగతి విని మెకంజీ వెళ్లి చూశాడు. 1816లో మరల వెళ్లేసరికి స్తూపం నడిభాగం చెరువైపోయింది! మిగిలిన శిల్పాలకైనా బొమ్మలు గీయించాడు. వానిలో కొన్ని శిల్పాలు నేడు ఆ బొమ్మలలో తప్ప కానరావు.

1815లో ఆయన భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా సమీపంలో కన్నుమూశాడు. 1568 గ్రంథాలు, 8076 శాసన ప్రతులు గల ఆ సేకరణను ఆయన భార్య నుండి ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. దొరగారి పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య విన్నవించుకొన్నాడు. దానిలోనే తల నెరసిన అతనిని అర్హుడు కాడని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు 1836లో తోసిపుచ్చారు.