వరదను ఆపి, మంచినీళ్ళుగా మార్చిన ఇంజనీరు

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే అంటూ మనం దండ వేసే ఆ తలపాగా పెద్దాయన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1861లో కర్ణాటకలోని ముద్దేనహళ్ళిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మనదే. ఆయన పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగళూరులో బీఏ, తర్వాత పుణెలో ఇంజనీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. సింధు నది ఒడ్డున ఉన్నా సుక్కూరు పట్నానికి బురద నీళ్ళే దిక్కు. ఫిల్టర్లు కట్టే డబ్బు మునిసిపాలిటీ దగ్గర లేదు. ఆయన నదిలోనే బావి తవ్వించారు, వడపోసే పని ఇసుకకే అప్పజెప్పారు! 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో డ్యామ్ గోడ ఎత్తు పెంచకుండానే, ఆటోమేటిక్ గేట్లతో ఎక్కువ నీళ్ళు నిలబెట్టారు.

అసలు పరీక్ష హైదరాబాదులో ఎదురైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, వేలమందిని పొట్టనపెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో ఆయన వచ్చారు. వెంటనే ఏదో ఒకటి కట్టెయ్యలేదు. వాన ఎంత పడింది, ఎగువన ఎన్ని చెరువులు తెగాయి, నది ఎంత ఎత్తున పారింది, అన్నీ లెక్క తీశారు. ఊళ్ళో గట్లు ఎత్తు చేస్తే వరద కొంత అదుపులో ఉంటుంది కానీ, వచ్చిన నీళ్ళన్నీ పోతాయి. ఎగువన జలాశయాలు కడితే వరదను ఆపి మెల్లగా వదలొచ్చు, మిగతా రోజుల్లో అవే నీళ్ళు తాగొచ్చు. అందుకే గట్లు కావాలంటూనే, అసలు భారం జలాశయాల మీద పెట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

తర్వాత ఆయన మైసూరులో చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి 1918 దాకా దివాను. 1955లో భారతరత్న వచ్చింది. 1962లో కన్నుమూశారు.

నగరం పెరిగింది. మంజీర, కృష్ణ, చివరికి మన గోదావరి నీళ్ళు కూడా హైదరాబాదు వెళ్తున్నాయి. కృష్ణా, గోదావరి నీళ్ళను వంద కిలోమీటర్లకు పైగా కరెంటు ఖర్చుతో తోడి తేవాలి. ఆ రెండు జలాశయాల నీళ్ళేమో వాలు మీదే ఊళ్ళోకి వచ్చేలా కట్టినవి. వాటి చుట్టూ నిర్మాణాలను అదుపు చేసిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేశారు. ఆ నిర్ణయాన్ని కూడా ఆయనలాగే లెక్కలతో తూచి చూడాలి.

పక్కనే గౌతమి ఉన్నా, వేసవిలో కాలవలు కట్టేస్తే మన ముమ్మిడివరం వైపు ఊళ్ళకు ముందే నింపుకున్న చెరువులే ఆధారం. కాబట్టి కొత్త నీళ్ళు ఎక్కడినుంచి తేవాలో ఆలోచించే ముందు, వచ్చిన నీళ్ళు ఎంత నిలబెట్టుకుంటున్నామో కొలవాలి. ఆయన చేసిన మొదటి పని అదే కదా!