ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ (1777 - 1819) మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఆంగ్లేయ అధికారి, బహుభాషా పండితుడు. తెలుగు సంస్కృతం నుండి పుట్టినది కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరొక భాషాకుటుంబానికి చెందినదని 1816లో సోదాహరణంగా నిరూపించాడు. ఈ నిరూపణకు ఆయన ముఖ్యంగా ఆధారం చేసుకున్నది క్రియాధాతువులను.

ఉద్యోగ జీవితం

ఎల్లిస్ 1796లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు. రెవెన్యూ బోర్డులో వివిధ పదవులు నిర్వహించిన పిదప 1806లో మచిలీపట్నం జిల్లా న్యాయాధికారిగా నియమితుడయ్యాడు. 1810లో మద్రాసు కలెక్టరు అయ్యాడు. సంస్కృతం, తమిళం, తెలుగు భాషలను పండితుల వద్ద అభ్యసించాడు. కంపెనీ యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పాలకమండలిలో ప్రముఖ పాత్ర వహించాడు. తెలుగు పండితులు పట్టాభిరామశాస్త్రి, శంకరయ్య ఈ కాలంలో ఆయనకు సహకరించారు.

ధాతువుల పోలిక

దక్షిణాది భాషలన్నింటికీ సంస్కృతమే మూలమని ఆనాటి పాశ్చాత్య పండితులు భావించేవారు. 1814లో శ్రీరాంపూర్ నుండి తెలుగు వ్యాకరణం ప్రచురించిన విలియం కేరీది కూడా ఇదే అభిప్రాయం. కళాశాల కార్యదర్శి ఎ.డి. కాంప్‌బెల్ 1816లో ప్రచురించిన తెలుగు వ్యాకరణం పీఠికలో ఎల్లిస్ వ్రాసిన వివరణ చేరింది. అందులో ఆయన ఈ అభిప్రాయాన్ని ఖండించాడు.

ఆయన వాదన మూడు మెట్లుగా సాగుతుంది. మొదట ధాతువులు, తరువాత పదాలు, చివర వాక్యనిర్మాణం. పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను సంస్కృత ధాతువులతో పోల్చి, రెండూ వేరని చూపాడు. ఆపై అవే తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల సరసన ఉంచి వాటి ఏకత్వాన్ని నిరూపించాడు. తత్సమ, తద్భవ, దేశ్య విభజనకు మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య రచించిన ఆంధ్రదీపికను ఉపయోగించుకున్నాడు. అరువు తెచ్చుకున్న పదాలు ఎన్ని ఉన్నా భాష పుట్టుకను నిర్ణయించేవి దాని సొంత ధాతువులేనన్నది ఆయన వాదన సారాంశం.

ఐరోపాలో సమాంతర కృషి

అదే 1816లో ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ పండితుడు సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ భాషల క్రియారూపాలతో పోల్చి గ్రంథం ప్రచురించాడు. 1822లో యాకోబ్ గ్రిమ్ ఈ భాషల మధ్య హల్లులు ఒక క్రమంలో మారతాయని సూత్రీకరించాడు.

ఇందుకు భోజనార్థక క్రియ మంచి ఉదాహరణ. సంస్కృతంలో 'అద్', లాటిన్‌లో 'ఎడెరె', గోథిక్‌లో 'ఇతన్', ప్రాచీన ఆంగ్లంలో 'ఎతన్', ప్రాచీన నార్స్‌లో 'ఎత', నేటి ఆంగ్లంలో 'ఈట్' ఒకే మూలం నుండి వచ్చినవి. మూలంలోని దకారం జర్మానిక్ భాషల్లో తకారమైంది. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో అది మరింత మారి 'ఎస్సన్' వంటి రూపం ఏర్పడింది.

తెలుగు 'తిను' ఈ వరుసలో చేరదు. తమిళం, కన్నడం, గోండి, కొలామి భాషలలోని 'తిన్' దీని సజాతీయం. పెద్దపల్లి, గోదావరిఖని ప్రాంతంలో పలకరింపుగా వినిపించే 'అన్నం తిన్నవా' అన్న మాటలో ఈ రెండు కుటుంబాలూ కలుస్తాయి. 'అన్నం' సంస్కృత 'అద్' ధాతువు నుండి పుట్టిన తత్సమం, అంటే ఆంగ్ల 'ఈట్'కు దూరపు బంధువు. 'తిను' దేశ్యం. ఎల్లిస్ కాలంలో నిజాం రాజ్యంలో ఉన్న ఆ ప్రాంతానికి గోదావరి ఆవలనున్న పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనే గోండి, కొలామి భాషలు మాట్లాడేవారున్నారు. ఎల్లిస్ పట్టికలో లేని ఈ భాషలు కూడా తరువాతి పరిశోధనలో ఆయన నిర్ణయాన్నే బలపరచాయి.

మరణం, నష్టపోయిన రచనలు

ఎల్లిస్ 1819 మార్చిలో రామనాథపురంలో మరణించాడు. పొరపాటున విషపదార్థం సేవించడమే కారణమని చెబుతారు. నలభై ఏళ్ళు నిండి పాండిత్యం పరిపక్వమయ్యేవరకు ఏదీ ప్రచురించరాదని నియమం పెట్టుకున్నందున ఆయన రచనల్లో అధికభాగం వ్రాతప్రతులుగానే మిగిలిపోయింది. అవి చెల్లాచెదురయ్యాయి. కొన్ని కాగితాలు మధురలో వంటవాని చేతిలో పొయ్యి రాజేయడానికి ఉపయోగపడ్డాయని తరువాతి అధికారి వాల్టర్ ఇలియట్ తెలిపాడు. తిరుక్కురళ్ అనువాదంలో కొంతభాగం మాత్రం లభిస్తున్నది.

ప్రభావం

1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువడిన తరువాత ఈ భాషాకుటుంబ ఆవిష్కరణ ఖ్యాతి ఆయనకే దక్కింది. ఎల్లిస్ పేరు పండితులకే పరిమితమైంది. 1961లో బరో, ఎమెనో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఎల్లిస్ మూడు భాషలతో మొదలుపెట్టిన పోలికను ఇరవైకి పైగా భాషలకు విస్తరించింది. థామస్ ట్రాట్‌మన్ 2006లో ప్రచురించిన గ్రంథం ఎల్లిస్‌తో పాటు ఆయనకు ధాతువుల పట్టిక సమకూర్చిన తెలుగు పండితుల పాత్రను కూడా వెలుగులోకి తెచ్చింది.