విశాఖ వేధశాల వారసుడు: అంకితం వెంకట నరసింగరావు

విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు విననివారు లేరు. శ్రీకాకుళము, విజయనగరము సీమలనుండి మూటముల్లెలతో వచ్చి యచట చదువుకొని పైకి వచ్చినవారు వేలకొలది కలరు. కాని యా మూడక్షరములు ఆకాశమును శోధించిన యొక శాస్త్రజ్ఞుని పేరిటివని యెరిగినవారు బహు తక్కువ. ఆయనయే అంకితం వెంకట నరసింగరావుగారు.

నరసింగరావుగారు 1827లో జన్మించిరి. ఆయన జీవితము తెలియవలెనన్న ముందుగా ఆయన మామగారైన గోడే వెంకట జగ్గారావుగారిని గూర్చి చెప్పవలెను. సంపన్నమైన జమీందారీ కుటుంబమున 1817లో పుట్టిన జగ్గారావుగారు మద్రాసు వేధశాలాధిపతి టేలరు దొరకడ ఖగోళ గణితము నభ్యసించి, 1840 ప్రాంతమున విశాఖలోని డాబా గార్డెన్సులో సొంత ద్రవ్యముతో వేధశాల నెలకొల్పిరి. కలిగినవారు మేడలు కట్టించుట, సత్రములు వేయించుట లోకమున కద్దు. నక్షత్రములను చూచుటకై ధనము వెచ్చించినవారు మాత్రము ఆ కాలమున నరుదు. అట్టి జగ్గారావుగారు నలుబదియేండ్లయినను నిండకుండ 1856లో పరమపదించిరి.

ఇట్టి సంస్థలకు యజమాని మరణమే తరచుగా అంత్యకాలమగును. దూరదర్శినికి తుప్పు పట్టును; లెక్కల పుస్తకములు చెదల పాలగును. డాబా గార్డెన్సులో అట్లు జరుగలేదు. అల్లుడైన నరసింగరావుగారు వేధశాల భారమును మీద వేసికొనిరి. ఆయన డిప్యూటీ కలెక్టరు పదవిలో నుండినవారు. భారతీయునకు నాడు లభింపగల ఉన్నతోద్యోగములలో నది యొకటి. దానిని విడిచి ఎస్టేటు వ్యవహారములను, వేధశాలను చూచుకొనుటకు పూనుకొనిరి.

వేధశాలలోని పని యనగా రాత్రులు నక్షత్రములను చూచుట మాత్రమే కాదు. గాలి యొత్తిడి, వేడిమి, వాన కొలత ఏనాటి కానాడు వ్రాసి యుంచవలెను. గ్రహగతులను గణించి సరియైన కాలమును నిర్ణయింపవలెను. రేవునకు వచ్చు ఓడలవారికి ఆ కాలము ప్రాణప్రదము. గడియారము తప్పినచో నడిసముద్రమున దారి తప్పును. ఇందులో చప్పట్లు కొట్టదగిన దేమియు లేదు. నేడు మానినను రేపెవ్వరు నడుగరు. అయినను మానకుండుటయే యీ శాస్త్రమున గొప్ప తపస్సు.

అందులకు సూర్యుని కథయే నిదర్శనము. జర్మనీలో ష్వాబే యను ఔషధ వ్యాపారి బుధునికంటె సూర్యునకు దగ్గరగా మరియొక గ్రహము కలదేమో యని వెదకదలచి, 1826 మొదలు సూర్యబింబముపై నల్లని మచ్చలను ప్రతిదినము లెక్కించెను. గ్రహము దొరకలేదు. కాని యా మచ్చలు కొన్నియేండ్లు పెరుగుచు, కొన్నియేండ్లు తరుగుచు నున్నవని 1843లో వెల్లడించెను. తరువాత స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు వుల్ఫ్ పాత లెక్కలన్నియు కూర్చి యీ ఆవర్తము సుమారు 11 సంవత్సరములని తేల్చెను. ఈ మచ్చలు తక్కిన బింబముకంటె చల్లనివి. అయస్కాంతశక్తి అధికముగా గల తావులు.

1755 నుండి లెక్కకు వచ్చు సౌరావర్తములలో పదియవది 1855 చివర మొదలైనది; పండ్రెండవది 1890లో ముగిసినది. నరసింగరావుగారు వేధశాలను కాపాడిన 1856-1892 కాలము ఇంచుమించుగా ఆ మూడు ఆవర్తములకు సరిపోవును. నిండు జీవితమంతయు కనిపెట్టి చూచినను ఒక మనుష్యునకు దక్కునది మూడు ఆవర్తములే!

ఆ కాలమున సూర్యుడు ఈ తీరమునకు అద్భుతములనే చూపెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సాగెను. గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుని యంచున లేచు జ్వాలలు వాయుమయములని కనుగొనెను. అదే సంవత్సరము నవంబరులో బుధుడు సూర్యబింబమున కడ్డముగా నడచినపుడు నరసింగరావుగారు విశాఖనుండి పరిశీలించిరి. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను తన సభ్యునిగా నెన్నుకొనెను. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుని దాటెను. అట్టి ఘటన అంతకు ముందు 1769లో జరిగినది. భూమిపై వేర్వేరు తావులనుండి ఆ దాటు కాలమును కొలిచి పోల్చినచో సూర్యుని దూరము తేలును. కావుననే దేశదేశముల పండితులు సముద్రములు దాటి యాత్రలు చేసిరి. నరసింగరావుగారు ఇల్లు కదలకయే విశాఖ కొలతలను లండను పండితుల కందించిరి.

ఇంతలో ఆ మచ్చల శాస్త్రము ప్రజల అన్నముతో ముడిపడెను. 1866లో నేటి శ్రీకాకుళ ప్రాంతము చేరియున్న గంజాం జిల్లాను కరువు పీడించెను. 1876-78 నాటి మహాక్షామమున దక్షిణదేశమున లక్షలాది జనులు మడిసిరి. రెండు తరుణములందును సూర్యునిపై మచ్చలు అల్పముగా నున్నవి. మచ్చలు తగ్గినపుడు వానలు తగ్గునని హంటరు దొర 1877లో వాదించెను. అది నిజమైనచో కరువును ముందే యెరిగి గాదెలు నింపుకొనవచ్చును గదా! ఆ యాశయే దక్షిణదేశమున సూర్యపరిశోధనకు ప్రేరకమయ్యెను. 1899లో కొడైకెనాల్ సౌరవేధశాల ఏర్పడెను. కాని వాకరు మున్నగువారు వాన కొలతలను మచ్చల లెక్కతో పోల్చి చూడగా నమ్మదగిన సంబంధము కానరాలేదు. ఋతుపవనముల గుట్టు సముద్రముల వేడిమిలోను, వాయుపీడనములోను అధికముగా నున్నదని తరువాత తేలినది. ఊహను నిలుపుటకైనను, కూల్చుటకైనను ఏండ్లకొలది వ్రాసి యుంచిన వాన లెక్కలే ఆధారము.

నరసింగరావుగారు 1892లో కీర్తిశేషులైరి. ఆయన కుటుంబపు భూరి విరాళముతో పట్టణములోని కళాశాల ఆయన ధర్మపత్ని పేర వెలసెను. ఆ సంవత్సరముననే గణిత, భౌతికశాస్త్రములు బోధించుటకు చంద్రశేఖరయ్యరుగారు ఆ కళాశాలకు వచ్చిరి. ఆయన కుమారుడు చంద్రశేఖర వెంకటరామన్ విశాఖలో పెరిగి, ఆ కళాశాలలోనే చదివి, 1930లో నోబెల్ బహుమానము నందెను.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 సూర్యపరిశోధనకై బయలుదేరెను. 2024లో ఇరువది యయిదవ ఆవర్తము ఉచ్చదశ నందుకొనెను. ఒకరు మొదలుపెట్టినదానిని వేరొకరు విడువకుండ కొనసాగించుటవలననే మనకీ యావర్తముల లెక్క దక్కినది. మామగారి వేధశాలకు అల్లుడు వారసుడయ్యెను. ఉత్తరాంధ్రమున ఏ పాఠశాలలోనైన ఒక విద్యార్థి వానను కొలిచి తేదీతో వ్రాసి, ఆ పుస్తకమును తన తరువాతివాని చేత నుంచినచో, నరసింగరావుగారికి మరియొక వారసుడు లభించినట్లే.